కంప్యూటర్‌కి మతి తప్పితే...

‘‘అమ్మా, మళ్లీ ఆగిపోయింది!’’

‘‘ఆ గేమ్స్ ఆడొద్దురా అంటే విన్నావా?’’

పాపం, ఆ కుర్రాడు గేమ్సేం ఆడట్లేదు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకుంటున్నాడు. ముప్ఫయ్యో పేజీ దగ్గర తెర మొత్తం నీలంగా మారిపోయింది. దానిమీద ఏదో ఇంగ్లిషు వాక్యం. చదివేలోపే సిస్టమ్ దానంతటదే ఆగి, దానంతటదే ఆన్ అయింది. ఏమీ జరగనట్టు మళ్లీ డెస్క్‌టాప్ బొమ్మ. సేవ్ చేయని పేజీలు మాత్రం గోవిందా!

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలిసిందే. వీధి చివర రిపేరు షాపు నుంచి ఒక కుర్రాడొస్తాడు. ‘‘వైరస్ ఆంటీ... ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది’’ అంటాడు. కొడతాడు. డబ్బులు తీసుకుని వెళ్తాడు. నాలుగు రోజులు సిస్టమ్ బుద్ధిగా పనిచేస్తుంది. ఐదోరోజు మళ్లీ నీలంతెర. ఈసారి యాంటీవైరస్ కొనిపిస్తాడు. మూడోసారి పిలిస్తే తల అడ్డంగా ఊపి ‘‘మదర్‌బోర్డు పోయినట్టుంది ఆంటీ, కొత్తది తీసేసుకోండి’’ అని తీర్పు చెప్పేస్తాడు. వైరస్ నుంచి మదర్‌బోర్డు దాకా నేరం అందరిమీదా పడుతుంది. అసలు దొంగ మాత్రం క్యాబినెట్ లోపల హాయిగా కూర్చుని ఉంటుంది. జానెడు కూడా లేని ఆ పట్టీ పేరు... ర్యామ్!

లైనక్స్ పెద్దాయనకే తప్పలేదు

ఇంట్లోవాళ్లకి, రిపేరు కుర్రాడికి తెలియకపోతే సరే. కంప్యూటర్ లోతులన్నీ తెలిసినవాళ్లకైనా వెంటనే తెలిసిపోతుందా అంటే, అదీ లేదు. 1991లో లైనక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌నే తీసుకోండి. 2022 అక్టోబరులో ఆయన సొంత కంప్యూటర్ మొరాయించింది. అదీ ఎలాంటి సమయంలో! లైనక్స్ కొత్త వెర్షన్ 6.1 కోసం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన మార్పులన్నిటినీ ఆయన ఒక్కచోట కలిపే రోజులవి. ఆ పని రెండువారాల్లో తెమలాలి. సరిగ్గా అప్పుడే, రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ.

ఆయనకి మొదట అనుమానం వచ్చింది ర్యామ్ మీద కాదు, కొత్తగా కలిపిన లైనక్స్ కోడ్ మీద. ఎవరో పంపిన మార్పులో తప్పుందేమోనని వెతుక్కున్నారు. తీరా తేలిందేమిటంటే, రెండున్నరేళ్లుగా ఒక్క పొరపాటు చేయకుండా నడిచిన మెమరీ స్టిక్ పాడైపోయింది. కొత్తవి వచ్చేదాకా ఆయన లాప్‌టాప్ మీద పని నెట్టుకొచ్చారు. ఇందులో ఇంకో తమాషా ఉంది. తన తప్పుల్ని తనే దిద్దుకునే ‘ఈసీసీ’ రకం మెమరీని మామూలు కంప్యూటర్లకి అందకుండా చేశారంటూ చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ని ఆయన 2021 జనవరిలోనే దుమ్మెత్తిపోశారు. కానీ ఆయన బల్లమీద ఉన్న యంత్రంలోనే ఆ మెమరీ లేదు! ఈసారి తెప్పించుకున్నది మాత్రం ఈసీసీయే.

అంతటివాడే కోడ్‌ని అనుమానించాడంటే, మన రిపేరు కుర్రాణ్ని మరీ తిట్టుకోనక్కర్లేదేమో.

చిల్లుకుండలో నీళ్లు

ఎందుకింత తికమక? ర్యామ్ పనిచేసే తీరే అలాంటిది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కి 1968లో పేటెంట్ దక్కిన డిజైన్ ఇప్పటికీ దీనికి ఆధారం. ఒక ట్రాన్సిస్టర్, దాని పక్కన విద్యుత్తుని నిల్వచేసే ఓ చిన్న కెపాసిటర్. అందులో విద్యుత్తు ఉంటే 1, లేకపోతే 0. అంతే. కాకపోతే ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. నింపిన విద్యుత్తు నింపినట్టే కారిపోతూ ఉంటుంది. అందుకని సెకనులో సుమారు పదహారో వంతు గడిచేలోపు, అంటే సాధారణంగా 64 మిల్లీసెకన్లలో, ప్రతి కుండనీ ఒకసారి చూసి మళ్లీ నింపాలి. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి కుండలు సుమారు 6,870 కోట్లు! ఇన్నిటినీ తప్పకుండా నింపుతూ, పక్కదాని నీళ్లు దీనిలో పడకుండా చూసుకుంటూ ఏళ్లతరబడి పనిచేయడమే ఆశ్చర్యం. అందులో ఒక్క కుండకి చిల్లు కాస్త పెద్దదైతే చాలు, 1 అని రాసింది 0 అయిపోతుంది.

ఒక్క అంకె మారితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. తెలుగులోనే చూద్దాం. కంప్యూటర్లో ‘క’ అక్షరానికి ఒక నంబరుంది, ‘గ’కి ఒక నంబరుంది. రెంటికీ తేడా సరిగ్గా ఒకే ఒక్క బిట్. అది తిరగబడితే ‘కుడి’ కాస్తా ‘గుడి’ అవుతుంది, ‘కాలి’ కాస్తా ‘గాలి’ అవుతుంది. అంకెల్లోనూ అంతే. టైపు చేసిన 1కీ 9కీ తేడా ఒక్క బిట్టే. లెక్కల ఫైల్లో వెయ్యి రూపాయలు తొమ్మిదివేలు కావడానికి అంతకంటే ఏం కావాలి!

పోనీ అక్షరం మారితే ఎప్పుడో ఒకప్పుడు కంటపడుతుంది. ఆ పాడైన కుండ విండోస్ తనకోసం రాసుకున్న చిరునామాలో పడిందనుకోండి. అది వెళ్లాల్సిన చోటికి కాకుండా ఇంకెక్కడికో వెళ్తుంది. అక్కడ ఏమీ ఉండదు. ఇక ముందుకెళ్తే మరింత నష్టమని తనే తెర దించేస్తుంది. అదే బ్లూస్క్రీన్. (2025లో విండోస్ 11కి వచ్చిన మార్పుతో అది నల్లతెర అయింది. రంగు మారింది గానీ రోగం మారలేదు.) ఏ ప్రోగ్రామ్ ఏ కుండలో కూర్చుంటుందో ఏ రోజుకారోజు మారిపోతుంది. అందుకే ఇవాళ బ్రౌజరు పోతుంది, రేపు వర్డ్ పోతుంది, ఎల్లుండి ఏమీ పోదు. వైద్యుడి దగ్గరికి వెళ్లేసరికి నొప్పి తగ్గిపోయినట్టు, రిపేరు కుర్రాడు వచ్చిన పూట సిస్టమ్ చక్కగా పనిచేయడానికి కారణమూ అదే.

నింగి నుంచి వచ్చే తప్పులు

బిట్ తిరగబడటానికి ప్రతిసారీ ర్యామ్ పాడవ్వాల్సిన పనిలేదు. 1970ల చివర్లో ఇంటెల్ శాస్త్రవేత్తలు ఓ వింత కనిపెట్టారు. చిప్‌ల పైతొడుగుగా వాడే పింగాణీలాంటి పదార్థంలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియంల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లని తిప్పేస్తున్నాయట! ఆ తర్వాత అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీదకి దృష్టి మళ్లింది. 2003 మేలో బెల్జియంలో ఎన్నికలు జరిగితే, బ్రసెల్స్ పక్కనున్న షార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే తేలిన తేడా సరిగ్గా 4,096. కంప్యూటర్ లెక్కలు తెలిసినవాళ్లకి ఆ అంకె చూడగానే అర్థమైపోతుంది. రెండుని పన్నెండుసార్లు హెచ్చవేస్తే వచ్చేది అదే. అంటే ఒకే ఒక్క బిట్ తిరగబడిందన్నమాట. ప్రోగ్రామ్‌లో తప్పేమీ దొరక్కపోవడంతో, మెమరీలో బిట్ దానంతటదే మారిపోయి ఉంటుందని నిపుణులు తేల్చారు.

వినడానికి ఎంత బాగున్నా, ఇంట్లో కంప్యూటర్ రోజు విడిచి రోజు ఆగిపోతుంటే కాస్మిక్ కిరణాల్ని తిట్టుకోవడం దండగ. గూగుల్ తన సర్వర్లని గమనించి 2009లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, ఏడాదిలో ప్రతి మూడు యంత్రాల్లో దాదాపు ఒకదాంట్లో మెమరీ తప్పులు కనిపించాయి. అందులోనూ ఎక్కువశాతం నింగి నుంచి వచ్చినవి కాదు, చిప్ లోపాల వల్ల వచ్చినవే అని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. తప్పు చేసిన స్టిక్కే మళ్లీ మళ్లీ చేసింది మరి.

పట్టుకోవడం ఎలా?

మొట్టమొదట ఒక కాగితం, ఒక పెన్ను కావాలి. నవ్వకండి. సిస్టమ్ ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, తెరమీద ఏం రాసుంది... మూడూ రాసుకోవాలి. చదివేలోపే మాయమైపోతుంటే ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. విండోస్‌లో ‘స్టార్టప్ అండ్ రికవరీ’ సెట్టింగుల్లో ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్’ అనే చోట టిక్కు తీసేస్తే తెర అలాగే నిలిచిపోతుంది. నాలుగైదుసార్లు రాసుకున్నాక చూస్తే విషయం బోధపడుతుంది. ప్రతిసారీ ఒకే డ్రైవర్ ఫైలు పేరు కనిపిస్తే అది సాఫ్ట్‌వేర్ గొడవ కావచ్చు. అలాకాక ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’... ఇలా పూటకో కారణం చెబుతుంటే ర్యామ్ మీద అనుమానపడాల్సిందే. జిప్ ఫైళ్లు డౌన్‌లోడ్ అయ్యాక తెరుచుకోకపోవడం, విండోస్ ఇన్‌స్టాల్ అవుతూ ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగిపోవడం కూడా దాని లక్షణాలే. ఫార్మాట్ కొట్టినా జబ్బు తగ్గలేదంటే అదే పెద్ద సాక్ష్యం. ఫార్మాట్ చేసేది డిస్కుని. ర్యామ్‌ని కాదు కదా!

తర్వాత పరీక్ష. విండోస్ విస్టా నుంచీ మైక్రోసాఫ్ట్ ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అనే పరికరాన్ని విండోస్‌తోపాటే ఇస్తోంది. స్టార్ట్‌లో ఆ పేరు టైపు చేస్తే చాలు. సిస్టమ్ రీస్టార్ట్ అయి పరీక్ష మొదలవుతుంది. అప్పుడు ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకుంటే లోతుగా వెతుకుతుంది. సమయం మాత్రం బాగా పడుతుంది. అది తప్పుందంటే ఉన్నట్టే. లేదంటే మాత్రం అంతటితో వదిలేయకూడదు, కొన్ని తప్పులు దాని కళ్లు గప్పుతాయి.

అప్పుడు దించాల్సింది ‘మెమ్‌టెస్ట్86’ని. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ప్రోగ్రామ్ ఇది. దీన్నుంచే పుట్టిన ‘మెమ్‌టెస్ట్86 ప్లస్’ 2004 నుంచీ ఉంది, 2022లో కొత్తతరం యంత్రాలకి తగ్గట్టు మళ్లీ తయారైంది. రెండూ ఉచితంగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, విండోస్ బదులు దాంతో కంప్యూటర్‌ని మొదలుపెట్టాలి. కొన్నిట్లో ‘సెక్యూర్ బూట్’ ఆపాల్సి రావచ్చు. అలా ఆపేముందు బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకోవడం మంచిది. లేదంటే ర్యామ్ సంగతి దేవుడెరుగు, ఇంట్లోకే తాళం పడుతుంది.

ఈ ప్రోగ్రామ్ చేసేది ఒకరకంగా పంతులుగారి డిక్టేషన్ లాంటిది. అన్ని కుండల్లోనూ ఒక వరసలో ఒకట్లు, సున్నాలు రాయిస్తుంది. మళ్లీ చదివిస్తుంది. తేడా ఉంటే ఎర్రగా గీత పెడుతుంది. తర్వాత వాటిని తిరగేసి రాయిస్తుంది. ఇన్ని రకాలుగా ఎందుకంటే, కొన్ని కుండలు ఒంటరిగా ఉంటే బాగానే ఉంటాయి, పక్కవి హడావుడి చేసినప్పుడే ఒలికిపోతాయి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే వరసని అదేపనిగా చదివిస్తూపోతే పక్క వరసలో బిట్లు తిరగబడతాయని చూపించారు. వాళ్లు పరీక్షించిన 129 మెమరీ మాడ్యూళ్లలో 110 ఆ దెబ్బకి లొంగిపోయాయి!

పది నిమిషాలు నడిపి ‘తప్పుల్లేవు’ అనుకుంటే లాభంలేదు. రాత్రి పడుకునేముందు మొదలుపెట్టి పొద్దున్నే చూడాలి. వేడెక్కాకే బయటపడే లోపాలూ ఉంటాయి. పొద్దున్నే చూసేసరికి ఒక్క తప్పే కనిపించిందనుకోండి, ‘కోట్లలో ఒకటే కదా’ అని ఊరుకోకూడదు. ఇక్కడ పాస్‌మార్కు సున్నా తప్పులు మాత్రమే.

రబ్బరు వైద్యం

తప్పులు కనిపించాయి. వెంటనే కొత్త ర్యామ్‌కి పరుగెత్తాలా? ఆగాలి. ముందు పవర్‌ప్లగ్ తీసేసి, పవర్ బటన్ని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, ఒంట్లో స్టాటిక్ విద్యుత్తు పోయేలా క్యాబినెట్ లోహభాగాన్ని తాకి, అప్పుడు స్టిక్‌ని బయటకి తీయాలి. మన రిపేరు షాపుల్లో దీనికో సంప్రదాయ వైద్యముంది. పెన్సిల్ రబ్బరు తీసుకుని ర్యామ్ అంచున ఉండే బంగారుపూత పళ్లమీద రుద్దడం! చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ చాలాసార్లు పనిచేస్తుంది. దుమ్ము, చెమ్మ, చేతి జిడ్డు చేరిన చోట కాంటాక్టు సరిగా అందదు. రుద్దితే అది పోతుంది. అసలు చాలా సందర్భాల్లో తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టినా సరిపోతుంది. అయితే ఆ బంగారుపూత చాలా పల్చనిది. అంట్లు తోమినట్టు తోమితే ఉన్నదీ పోతుంది. మెత్తటి రబ్బరుతో రెండుమూడుసార్లు, తేలిగ్గా. ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా బ్రష్‌తో దులిపేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అది ఇంకా నయం.

అప్పటికీ తప్పులు వస్తుంటే ఒక్కొక్క స్టిక్‌నే పెట్టి పరీక్షించాలి. ఓపిక ఇక్కడే కావాలి. మొదటి స్టిక్ మొదటి స్లాట్‌లో పెట్టి నడపాలి. తర్వాత అదే స్లాట్‌లో రెండోది. స్టిక్ మారగానే తప్పులు పోతే దొంగ ఆ స్టిక్కే. అలాకాక ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులు వస్తుంటే స్లాట్‌ది, అంటే మదర్‌బోర్డుది తప్పు. ఏది ఎక్కడ పెట్టినా తప్పులేనా? అప్పుడు కరెంటు సరిగా అందించని ఎస్‌ఎంపీఎస్‌నో, ప్రాసెసర్‌నో, బయోస్ సెట్టింగులనో చూడాలి. గేమ్స్ కోసం మెమరీ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో లాంటివి ఆన్‌లో ఉంటే తీసేసి మళ్లీ పరీక్ష పెట్టాలి. అలా తగ్గిపోయిందంటే ఖర్చు లేకుండా బయటపడ్డట్టే. వేర్వేరు కంపెనీల, వేర్వేరు వేగాల స్టిక్కులు కలిపి వేసినా ఒక్కోసారి పొసగదు.

స్టిక్కే పోయిందని తేలితే ముందు బిల్లు వెతకండి. మంచి కంపెనీల ర్యామ్‌కి వారంటీ చాలా ఏళ్లు ఉంటుంది, కొన్నిటికి ‘లైఫ్‌టైమ్’ అని కూడా రాసిస్తారు. ఆ సంగతి గుర్తులేక పారేసి కొత్తది కొనేవాళ్లే ఎక్కువ. 2025 చివర్లో మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగబాకడం చూశాక ఆ బిల్లు విలువ తెలిసొచ్చి ఉండాలి. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ అవకాశం లేదు. ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. అది పోతే సర్వీస్ సెంటరే దిక్కు.

అసలు నష్టం వేరే ఉంది

సిస్టమ్ ఆగిపోవడం చిరాకే గానీ, నిజానికి అది మేలు చేస్తున్నట్టు లెక్క. ఏదో తేడా ఉందని చెబుతోంది. చెప్పకుండా జరిగేదే భయపెట్టేది. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌లోకి ఫొటోలు కాపీ చేస్తే అవి నేరుగా డిస్కులోకి వెళ్లవు. ర్యామ్ మీదుగా వెళ్తాయి. దారిలో పాడైన కుండ తగిలితే ఫొటో పాడై డిస్కులో కూర్చుంటుంది. ఏ హెచ్చరికా రాదు. తెరిచి చూస్తే సగం బొమ్మ, సగం బూడిదరంగు. అందుకే ర్యామ్ మీద అనుమానం వచ్చిన క్షణం నుంచీ కొన్ని పనులు మానేయాలి. కొత్త ఫైళ్లు కాపీ చేయకూడదు. డిస్కు బాగుచేసే చెక్‌డిస్క్ లాంటివి నడపకూడదు, పాడైన మెమరీతో అవి ఉన్నది చెడగొట్టే ప్రమాదముంది. బయోస్ అప్‌డేట్ జోలికసలే పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ రాయకూడదు. పాతదే మంచిది కావచ్చు.

సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ ఈ బాధ చాలావరకు తప్పిస్తుంది. సాధారణంగా అందులో ప్రతి 64 బిట్లకీ మరో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తిరగబడితే దిద్దేస్తాయి, రెండు తిరగబడితే కనీసం అరిచి చెబుతాయి. బ్యాంకుల్లో ఉన్న ఆ సౌకర్యం ఇంట్లో పిల్లల ఫొటోలకి ఎందుకు వద్దన్నది టోర్వాల్డ్స్ అడిగిన ప్రశ్న లాంటిదే. దానికి కంపెనీల నుంచి సరైన జవాబు లేదు.

మొదట చెప్పుకున్న ఇంట్లో కుర్రాడు మూడో ఫార్మాట్‌కి ఒప్పుకోలేదు. స్నేహితుడి దగ్గర మెమ్‌టెస్ట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. రాత్రంతా నడిపితే తెర నిండా ఎర్రగీతలు. రెండింట్లో ఒక స్టిక్ తీసేశాడు. మర్నాడు పొద్దున సున్నా తప్పులు. ‘‘గేమ్స్ వల్ల కాదన్నమాట’’ అని వాళ్లమ్మ ఒప్పుకుంది. రిపోర్టు మళ్లీ టైపు చేసుకున్నాడు.

తర్వాత గుర్తొచ్చింది, అక్క పెళ్లి ఫొటోలు కాపీ చేసింది ఆ నెలలోనే అని. ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్ ఎప్పుడో వెనక్కిచ్చేశారు, ఆయన తన దగ్గరున్నవి చెరిపేశాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశారు. కొన్ని సగం బూడిదరంగు. వాటిలో జీలకర్రబెల్లం ఫొటో కూడా ఉంది. ఆ సాయంత్రమంతా బంధువులకి ఫోన్లే ఫోన్లు.

రాత్రి తొమ్మిదింటికి, నెల్లూరు పిన్ని ఫోన్లో దొరికింది. కొంచెం మసగ్గా, ఎవరిదో భుజం అడ్డంగా.